వెరేదియానా పంపిన ఆకు

మోషీలో దిగే తెల్లవాళ్ళకి ఎప్పుడూ ఒక రోజు ఎక్కువవుతుంది. విమానం నిన్న దిగి ఉంటుంది. సింహాల దగ్గరికి పోయే బండి రేపు గాని కదలదు. మధ్యలో మిగిలిన ఆ ఒక్క రోజుని ఏం చేసుకోవాలో వాళ్ళకి తోచదు. గడియారపు స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు. కుట్టుమిషన్ల వరండాలో రంగుగుడ్డలు బేరమాడతారు. మంచు కప్పిన కొండ కనబడుతుందేమోనని హోటలు మేడెక్కి మబ్బుల్ని చూస్తారు. మధ్యాహ్నమయ్యేసరికి ఎండా దుమ్మూ నెత్తికెక్కి, గదిలో చేరి పడుకుంటారు. అడవిలో వేసుకుందామని కొన్న మట్టిరంగు చొక్కాలకి ఇంకా మడతలు పోయి ఉండవు.

వాళ్ళకి ఎక్కువైన ఆ రోజు మీద వెరేదియానా చాలా ఏళ్ళు బతికింది.

ఆమె ఇల్లు మోషీకి పైన, ఉరు అనే కొండవాలులో. ఎర్రమట్టి దారి ఎక్కుతూ పోతే అరటితోటలు దగ్గరపడి ఎండని ఆపేస్తాయి. అరటి నీడలో కాఫీ, కాఫీ కింద చేమదుంపలు, పక్కన కాలువ. ఆవు కొట్టంలోనే ఉంటుంది, బయటికి రాదు. గడ్డి మనమే మోసుకొచ్చి వేయాలి. పుట్టిల్లు కిబోషో నుంచి పెళ్ళికూతురిగా వచ్చిన మొదటి వారం నుంచి వెరేదియానా ఆ గడ్డి మోసింది. భర్త సబాస్ మోషీలో కాఫీ మిల్లులో పనిచేసేవాడు. పొట్టు ధూళి పీల్చి పీల్చి, దగ్గుతూ దగ్గుతూ, ఒక వానాకాలంలో పోయాడు. ఇంటి వెనక అరటి మధ్యనే పూడ్చారు. చుట్టూ ఇసాలే మొక్కలు నాటారు. మా వాలులో పోయినవాళ్ళ దగ్గర, గట్ల మీద నాటేది ఆ మొక్కే.

పిల్లలు లేరు. నేల మగవాడి వంశానిది. సబాస్ పోయాక ఆమెని వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. ఆ రెండింటి మధ్యా ఆమె వంట చేసుకుంది, ఆవుతో మాట్లాడింది, పండిన కాఫీ కోసి సంఘం గిడ్డంగికి మోసింది.

మెల్కియోరి ఆమెకి బావగారి కొడుకు. అప్పట్లో హోటళ్ళ దగ్గర పెట్టెలు మోసేవాడు. ఒక రోజు ఇద్దరు తెల్లవాళ్ళు ఊళ్ళో ఉండలేక, ఎటైనా తీసుకుపొమ్మని వాడి ప్రాణం తీశారు. వాడికి ఏం తోచక పిన్ని ఇంటికి తీసుకొచ్చాడు. వెరేదియానా ముంగిట్లో కాఫీ దంచుతోంది. వచ్చినవాళ్ళకి పీట వేసింది. దంచినవి చేటలో చెరిగింది, మంగలంలో వేయించింది, మళ్ళీ దంచి, కాచి పోసింది. తన కోసం ఎలా చేసుకుంటుందో అలాగే. వాళ్ళలో ఒకడు గిన్నె రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"వీడికి ఏమైందిరా? పడలేదా?" అంది వెరేదియానా.

"పడకపోవడం కాదు పిన్నీ. నువ్వేం చేశావో నీకు తెలీదు" అన్నాడు మెల్కియోరి. వాడు కాఫీ వైపు చూడటం లేదు. ముంగిలంతా కలయజూస్తున్నాడు.

ఆ తర్వాత నలుగురు వచ్చారు. తర్వాత వ్యాను నిండా వచ్చారు. మెల్కియోరి పెట్టెలు మోయడం మానేశాడు. బస్టాండు వెనక ఒక గది తీసుకున్నాడు. గుమ్మం మీద ఆ ఖాళీ రోజుని వృథా చేసుకోవద్దని బోర్డు పెట్టాడు. పొద్దున జలపాతం, మధ్యాహ్నం వెరేదియానా కాఫీ, సాయంత్రానికి మళ్ళీ హోటలు. మర్నాడు వాళ్ళు పెద్ద బండ్లెక్కి సింహాల దగ్గరికి పోయేవారు. సింహం కంటే నీ కాఫీయే గుర్తుంటుందట పిన్నీ అని వాడు చెబితే, సింహం కాఫీ కాచలేదు గనక అనేది ఆమె.

మెల్కియోరికి ముంగిలి చాలలేదు. రేకుల ఇల్లు బాగుండదన్నాడు. ముందు వైపు ఎండుగడ్డితో గుండ్రటి పాక కట్టించాడు. ఇటుకల ఇల్లు, దాని రేకులు, సిమెంటు గచ్చు పాక వెనక, అరటి వెనక దాక్కున్నాయి. ప్లాస్టిక్కు బకెట్లు లోపలికి పోయాయి. రేడియో పోయింది. గ్యాసు పొయ్యి పోయింది.

"పిన్నీ, నీ సిలిండరు మళ్ళీ కనబడుతోంది."

"కనబడనీరా. అది కూడా ఇంట్లో మనిషే."

"వాళ్ళు దాన్ని చూడ్డానికి రాలేదు."

"నన్ను చూడ్డానికి వచ్చారా మరి? నన్ను చూడ్డానికి నీ పెళ్ళామే రాదు."

వాడు నవ్వేవాడు. వాళ్ళిద్దరికీ ఒక అలవాటు పడిపోయింది. వచ్చినవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అడుగుతారు. వాడు స్వాహిలీలో ఆమెని అడుగుతాడు. ఆమె నోటికొచ్చింది చెబుతుంది. వాడు వాళ్ళకి కావలసింది చెబుతాడు. ఈ పొడుగాటాయనకి బట్టతల ఎండకి కమిలింది, అరటాకు కప్పమను అని ఆమె అంటే, మీ రాక మా పెద్దలకి ఆనందం అని వాడు చెప్పేవాడు. అందరూ తలలు ఊపేవారు. ఆమె మొహం తిప్పుకుని నవ్వు ఆపుకునేది. అలా ఆపుకున్న నవ్వే ఆమెకి రోజంతా ఆధారం.

దంచేటప్పుడు పాట పాడేది. పాడుతూ ఒక్కొక్కరి చేతికీ రోకలి ఇచ్చేది. నీళ్ళసీసా తప్ప ఏదీ మోయని చేతులు అవి. రెండు దెబ్బలకే ఎర్రబడేవి. వాళ్ళు అరిచేవారు, చప్పట్లు కొట్టేవారు, ఫొటోలు తీసుకునేవారు. వ్యాను కొండ దిగిపోయాక ముంగిలి ఒక్కసారిగా చల్లబడేది. పొట్టు ఊడుస్తూ మర్నాటి వ్యాను గురించి ఆలోచించేది. పెళ్ళయిన కొత్తలో, సబాస్ మిల్లు నుంచి నడిచి వస్తున్నప్పుడు కూడా ఆమె అంతగా దారి చూడలేదు. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకి తాను చెప్పుకోవడానికే సిగ్గుపడింది.

చెడగొట్టింది కూడా మనుషుల కోసం దారి చూసే ఆ ఆశే.

ఆ రోజు వ్యానులో నెరిసిన జుట్టు ఆడమనిషి ఒకామె వచ్చింది. అందరూ అరుస్తుంటే ఆమె మాత్రం పీట మీద నిశ్శబ్దంగా కూర్చుంది. ఎవరో పాక వైపు వేలు చూపించి, ఇందులోనే పడుకుంటారా అని అడిగారు. మెల్కియోరి ఆ ప్రశ్న వెరేదియానాకి చెప్పాడు.

"ఇందులో నా మేక కూడా పడుకోదని చెప్పు. పోయిన వానకి దూరి చూసింది, మర్నాడు దగ్గు పట్టుకుంది" అంది వెరేదియానా.

మెల్కియోరి వాళ్ళవైపు తిరిగి, తాతల కాలం నుంచీ ఇదే మా ఇల్లు అని చెప్పాడు.

నెరిసిన జుట్టామె గిన్నె కింద పెట్టింది. "అమ్మా, మరి మీరెక్కడ పడుకుంటారు?" అంది. చక్కటి స్వాహిలీ. ఎప్పుడో వయసులో దొదొమా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిందట.

అప్పుడు వెరేదియానా జాగ్రత్త పడాల్సింది. మెల్కియోరి మొహం చూడాల్సింది. చూడలేదు. ఇన్నేళ్ళలో, ఇంత మందిలో, మధ్యలో ఎవరూ లేకుండా ఆమెనే అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమెకి ఒళ్ళు తెలియలేదు. ఆ మనిషి చెయ్యి పట్టుకుంది. పాక చుట్టూ తిప్పి, అరటిగెలల కింద నుంచి వంగి నడిపించి, తన ఇటుకల ఇంట్లోకి తీసుకుపోయింది. సబాస్ ఫొటో చూపించింది. అతని దగ్గు ఎలా ఉండేదో చెప్పింది. గ్యాసు పొయ్యి వెలిగించి పాల టీ పెట్టింది. నిన్న చేసిన మందాజీ బూరెలు ఇచ్చింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రేకుల వైపు, రేడియో వైపు చూశారు. ఎవరూ ఫొటో తీయలేదు.

పోయేటప్పుడు నెరిసిన జుట్టామె వెరేదియానాని కావలించుకుంది. మెల్కియోరితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో వెరేదియానాకి ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ మనిషి తమని పంపిన పెద్ద కంపెనీకి రాసిందట, ఇదంతా కట్టించిన నాటకమని. వాళ్ళు మెల్కియోరిని పిలిచి మోసగాడన్నారట. హోటళ్ళవాళ్ళ ముందు అన్నారట. మెల్కియోరి మాత్రం వచ్చి పిన్నిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వ్యాను రాలేదు, అంతే.

వాన అనుకుంది. తర్వాత బండి చెడిందనుకుంది. ఒక మధ్యాహ్నం, రోలు కడిగి పెట్టుకుని కూర్చుంటే, కింద మలుపులో వ్యాను చప్పుడు వినబడింది. లేచి చీర చెంగులాగా కాంగా గుడ్డ భుజం మీద సర్దుకుంది. వ్యాను ముంగిలి ముందు నుంచే పోయింది. కిటికీల్లోంచి తెల్లటి చేతులు ఊపారు. ఆమె కూడా చెయ్యి ఊపింది. వ్యాను కాలువ దాటి యూఫ్రాసియా ఇంటి ముందు ఆగింది.

యూఫ్రాసియా అదే వంశంలో కోడలు, వయసులో చాలా చిన్నది. మర్నాడు తనే కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో గడ్డి కోసే కొడవలి. గడ్డి మాత్రం లేదు.

"అత్తా, కోపంగా ఉన్నావా?"

"నాకెందుకే కోపం? నా మేకకి కోపం. పాకలో పడుకోనన్నందుకు ఇంత చేశారా అంటోంది."

"నేనడగలేదు అత్తా, దేవుడి తోడు. మరిది మెల్కియోరే వచ్చాడు. రేపటి నుంచి నీ ముంగిట్లో అన్నాడు. మా ఆయన ఎగిరి గంతేశాడు. నేనేం చెప్పను?"

"నిన్న ఏం పోశావు వాళ్ళకి?"

"కాఫీయే."

"మాడు వాసన ఇక్కడిదాకా వచ్చింది. బొగ్గు కాచి పోశావేమో అనుకున్నా."

యూఫ్రాసియా నవ్వబోయి ఆపుకుంది. "నిజమే. నా గొంతే దిగలేదు. వాళ్ళు మాత్రం బాగుంది బాగుంది అని తాగారు." కాసేపు కొడవలితో కంచె గీకింది. "వాళ్ళకి తేడా తెలీదు అత్తా."

ఆ మాట మంటతో అన్నది కాదు. ఓదార్పుగా అంది. అందుకే వెరేదియానాకి లోపలిదాకా దిగింది. మాడిన కాఫీ అయినా వాళ్ళు కళ్ళు మూసుకుంటారు. చెయ్యి ఎవరిదైనా చప్పట్లు కొడతారు. వాళ్ళకి కావలసింది ఒక ముంగిలి. అది తనది కానక్కరలేదు.

వాన వెలిశాక బావగారు వచ్చాడు, మెల్కియోరి తండ్రి. కాఫీ చెట్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఒక కొమ్మ వంచి చూశాడు.

"ముసలివైపోయాయి" అన్నాడు.

"నాతోపాటే నాటారు" అంది ఆమె.

"అదే అంటున్నా. వ్యాన్లు వచ్చినన్నాళ్ళు సరే, చూడ్డానికైనా ఉండాలి. ఇప్పుడు కొట్టేస్తే గడ్డి వేసుకోవచ్చు. మా ఆవులకి చాలడం లేదు." ఆమె మొహం చూసి, "తొందరేం లేదులే. ఆలోచించి చూద్దాం" అన్నాడు.

ఆలోచించేది ఎవరో ఆమెకి తెలుసు. చెట్లు పోతే ముంగిలి పోతుంది. ముంగిలి పోతే కిబోషోలో తమ్ముడి పెళ్ళాం వంటింట్లో ఒక మూల. వ్యాను మళ్ళీ తన ముంగిట్లో ఆగాలి. ఇంకేదీ అక్కరలేదు. వ్యాను ఆగితే చెట్ల మీద ఎవరూ చెయ్యి వేయరు.

అప్పుడు ఆకు గుర్తొచ్చింది.

మన్నించమని ఇసాలే ఆకు ముడివేసి పంపిస్తే, వద్దన్నవాడు మా వాలులో లేడు. గట్టు జరిపినవాడూ పంపుతాడు, తమ్ముడి తల పగలగొట్టినవాడూ పంపుతాడు. పుచ్చుకున్నవాడి కడుపులో నిప్పులుండొచ్చు. అయినా పుచ్చుకోవాలి, ఇద్దరూ ఒకే సొరకాయ బుర్రలో అరటి కల్లు తాగాలి. పెద్దమనిషి ఒకడు మధ్యలో ఉండాలి. ఆమె సబాస్ సమాధి దగ్గరికి పోయి, మొక్కల్లో లేతగా నిలువుగా ఉన్న ఆకు ఒకటి కోసింది. దాన్ని తీసుకుని కలిస్టి ఇంటికి నడిచింది. కలిస్టి సబాస్‌కి చిన్నాన్న. పళ్ళు లేవు గాని మాట తడబడదు. ఎండలో కూర్చుని చోళ్ళు ఏరుతున్నాడు.

"ఎవరికి కోడలా?" అన్నాడు ఆకు చూసి.

"మెల్కియోరికి, మామయ్యా."

"నువ్వు తప్పు చేశావా?"

"ఒకరికి టీ ఇచ్చాను."

"టీ ఇచ్చినవాళ్ళు ఆకు పంపుతారా? పంపిస్తే వాడు పంపాలి. నీ ఇంటి ముందు అబద్ధపు కొంప కట్టినవాడు వాడు."

"వాడు పంపడు మామయ్యా. పంపనివాడి కోసం ఎంతకాలం కూర్చోను? చెట్లు కొట్టేసేదాకానా?"

కలిస్టి చేటలో రాయి ఏరి పారేశాడు. "ఆకు పంపినవాడిదే తప్పు. వాలంతా అలాగే అనుకుంటుంది. అంతేకాదు, ఆకు పుచ్చుకున్నాక ఇక మాట ఉండదు. నీ వైపూ ఉండదు, వాడి వైపూ ఉండదు. తెలుసుగా?"

"నాకు మాటలెందుకు? మాటలు చాలా అయ్యాయి. వాడు మనసులోంచి తీసేస్తే చాలు, బండి దానంతటదే ఆగుతుంది."

 ముసలాయన ఏదో అడగబోయి మానుకున్నాడు. ఆడమనిషి తనంతట తను తల వంచుతానంటే వద్దనే అలవాటు మా పెద్దలకి లేదు. చేయి చాచి ఆకు తీసుకున్నాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అందరూ కలిస్టి ముంగిట్లో కూడారు. వెరేదియానా కల్లు తనే కాచింది. పండిన అరటి ఉడికించి వడగట్టి, చోళ్ళ పిండి కలిపి, సరిగ్గా ఆ రోజుకి పొంగేలా చూసుకుంది. మెల్కియోరి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కలిస్టి ముడి వేసిన ఆకు వాడి చేతిలో పెట్టి, ఈమె నీ పిన్ని, నీకు నొప్పి కలిగించింది, మరిచిపొమ్మంటోంది అన్నాడు. మెల్కియోరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు. వాడు చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె వీపున మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

"తీసుకున్నాను తాతా. నా కడుపులో ఇంకేం లేదు" అన్నాడు.

సొరకాయ బుర్రలో కల్లు ముందు ఆమె తాగింది, తర్వాత వాడు తాగాడు. ఆడవాళ్ళు సంబరంగా కూతలు వేశారు. అరటికాయల మచలారి కూర వడ్డించారు. మాంసం ముక్కలున్న పెద్ద గిన్నె వెరేదియానా ముందు పెట్టారు. బావగారు కూడా, తప్పు ఒప్పుకునే గుణం అందరికీ ఉండదు అని మెచ్చుకున్నాడు. వెరేదియానా ఆ మెప్పు మింగింది. ఇంకొక్క రాత్రి, అంతే కదా అనుకుంది. మెల్కియోరి పోయేటప్పుడు వంగి ఆమె చేతులు పట్టుకున్నాడు. "ఒంట్లో బాగుంటోందా పిన్నీ? మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు.

"రేపటికి బాగుంటాయిరా" అంది ఆమె.

మర్నాడు కోడి కూయకముందే లేచింది. రోలు కడిగింది. పాకకి జారిపోయిన గడ్డి ఎక్కదోసి కట్టింది. సిలిండరు మీద గోనె కప్పింది. ఎర్రటివే ఏరి కోసిన కాఫీ, అంతకుముందే ఎండబెట్టి ఉంచినది, మంగలం పక్కన పెట్టుకుంది. మధ్యాహ్నం వ్యాను పైకి వచ్చింది. ముంగిలి ముందు నెమ్మదించింది. ఆమె లేచి నిలబడింది. మెల్కియోరి ముందు సీటులోంచి తల బయటికి పెట్టి, నిండు నవ్వు నవ్వి, "ఎలా ఉన్నావు పిన్నీ!" అని కేకవేశాడు. వ్యాను కాలువ దాటింది.

 కాసేపటికి కాలువ అవతల నుంచి రోకటిపోటు వినబడింది. పోటుకీ పోటుకీ పొంతన లేదు.

మర్నాడు మోషీ వెళ్ళింది. కిక్కిరిసిన చిన్న బస్సులో, ఎవరిదో అరటిగెల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెల్కియోరి గదిలో గోడల నిండా సింహాలు, ఏనుగులు. వాడు లేచి కుర్చీ వేశాడు. పక్క కొట్టులోంచి టీ తెప్పించాడు.

"మెల్కియోరీ, బండి ఇంకా..."

"పిన్నీ." వాడు చెయ్యి ఎత్తాడు. చాలా మెత్తగా ఎత్తాడు. "అయిపోయింది కదా. ఆకు పుచ్చుకున్నాను."

"అది కాదురా. నేను అడిగేది..."

"ఆ సంగతి నువ్వెత్తినా తప్పే, నేనెత్తినా తప్పే. తాత ముందు తాగాం. నీ మీద నాకు ఇంత కూడా లేదు, నమ్ము." చిటికెన వేలి గోరు చూపించాడు. "నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాట అన్నానా?"

"అనలేదు."

"ఇకముందూ అనను."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. నిజంగానే వాడి మనసులో ఏమీ లేదు. వెతికినా దొరకదు. నొప్పి ఉన్నన్నాళ్ళు, దాన్ని పట్టుకుని లాగితే వాడు కదిలేవాడేమో. తగువు ఉన్నన్నాళ్ళు, పెద్దలు కూర్చుంటే, పాక ఎవరు కట్టించారో ఆమె అడిగి ఉండేది. వ్యాను అడిగి ఉండేది. చెట్లు అడిగి ఉండేది. ముందు అడగాల్సినవన్నీ వెనక్కి పెట్టి, ఆకు ముందు పంపింది. ఆ ఆకుతోనే తన నోరు తనే కట్టేసుకుంది. కలిస్టి చెప్పాడు. చెప్పింది ఆమె విన్నది కూడా.

అప్పుడు ఇద్దరు లోపలికి వచ్చారు, పడుచు మొగుడూ పెళ్ళాం. కొత్త మట్టిరంగు చొక్కాలు. రేపు సింహాలకి పోతున్నారు, ఇవాళ ఏం చేయాలో తెలియడం లేదు. మెల్కియోరి వాళ్ళకి బల్ల మీద పటం పరిచాడు. జలపాతం చూపించాడు. కాఫీ దంచే ముంగిలి గురించి చెప్పాడు. గాల్లో రోకలి దంచుతున్నట్టు చేతులు ఆడించాడు. అది ఆమె దంచే తీరే. భుజం ముందు విరిచి, తర్వాత నడుం వంచడం, అచ్చం ఆమెదే. వాళ్ళు నవ్వారు. పెళ్ళాం వెరేదియానా వైపు తిరిగి తల వంచి పలకరించింది. మెల్కియోరి, మా పిన్ని అని చెప్పినట్టున్నాడు. ఆ పిల్ల ఇంకా నవ్వింది.

వాళ్ళు బయట వ్యాను ఎక్కుతుంటే మెల్కియోరి ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "యూఫ్రాసియా వదినకి దంచడం రావడం లేదు పిన్నీ. పాటా రాదు. నువ్వు పోయి చెయ్యి వెయ్యకూడదూ? ఒక్కదానివీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? వదిన నీకు ఏదో ఒకటి ఇస్తుందిలే." ఆ మాట చెబుతుంటే వాడి మొహం వెలిగింది. మంచి పని చేస్తున్నవాడి మొహం. "వ్యాను అటే పోతోంది. ఎక్కు."

ఆమె ఎక్కింది. వెనక సీటులో కూర్చుంది. ఎర్రమట్టి దారి, చర్చి, మలుపు, అన్నీ కిటికీలోంచి కొత్తగా కనబడ్డాయి. తన ముంగిలి దాటుతున్నప్పుడు పాక కనబడింది. పడుచు మొగుడు దానికి ఫొటో తీశాడు.

యూఫ్రాసియా ఆమెని చూసి మొదట బెదిరింది. తర్వాత ఏం మాట్లాడకుండా రోకలి చేతికిచ్చింది. వెరేదియానా ఒక్క దెబ్బ వేసి చూసింది. రోలు లోతు చాలదు, గింజలు ఎగిరిపోతున్నాయి. చేత్తో అడ్డం పెట్టి దంచింది. పాడమని మెల్కియోరి సైగ చేస్తే పాడింది. పడుచు పిల్ల చప్పట్లు కొట్టింది. కాఫీ తాగి, ఏదో అడిగింది.

"ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావని అడుగుతోంది" అన్నాడు మెల్కియోరి.

వెరేదియానాకి నోటిదాకా ఏదో వచ్చింది. పాత అలవాటు. యూఫ్రాసియా తల వంచుకుని పొట్టు ఏరుతోంది. మెల్కియోరి కళ్ళలో అనుమానం లేదు, భయం లేదు. ఆమె ఏమన్నా వాడు మార్చి చెప్పుకోగలడు.

"నీకేం తోస్తే అది చెప్పు" అంది.

వాడు చెప్పాడు. వాళ్ళు అబ్బురంగా తలలూపారు.

వ్యాను పోయాక ఇద్దరు ఆడవాళ్ళూ ముంగిలి ఊడ్చారు. యూఫ్రాసియా కుండలో మిగిలిన కాఫీ గిన్నెలో పోసి ఇచ్చింది. "ఇవాళ మాడలేదు అత్తా" అంది.

"ఊఁ."

"రేపు కూడా రా."

"వస్తాను."

కాలువ దాటి ఇంటికి వచ్చింది. కాఫీ చెట్ల కింద నడిచింది. ఈసారి కాపు బాగా వచ్చింది. ఎర్రబడినవి కోయక నల్లబడ్డాయి, నల్లబడినవి కొమ్మ మీదే ఎండి రాలుతున్నాయి. చెయ్యి చాచి ఒక గుత్తి పట్టుకుంది. ఇప్పుడు కోసినా పనికొస్తాయి, ఇంకో రెండు రోజులు పోతే రావు. బుట్ట ఇంట్లో తలుపు వెనకే ఉంది. గుత్తి వదిలేసి, ఆవుకి గడ్డి వేయడానికి కొట్టంలోకి పోయింది.